వెన్నరంగు గౌను

ఆ శనివారం బడి మధ్యాహ్నానికే వదిలేశారు. చిటపట ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో కుట్టుమిషన్ చప్పుడు లేదు. అమ్మ లేసు కొనడానికి బజారుకు వెళ్ళింది. పెద్దమ్మ వెనక వరండాలో ఉతికిన బట్టలు ఆరేస్తోంది.

ఆ పిల్లకి బడి రిజిస్టరులో చక్కటి పేరే ఉంది. కానీ నూనెలో ఆవాలు పడ్డట్టు ఆగకుండా మాట్లాడుతుందని ఇంట్లో అందరూ చిటపట అనే పిలుస్తారు. వయసు పదేళ్ళు. దీని నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళమ్మ రోజుకు ఒక్కసారైనా అంటుంది.

అమ్మ ఆడపిల్లల గౌన్లు కుడుతుంది. అవి కూడా ఇప్పటి తరహావి కాదు, పాతకాలపువి. గుండ్రటి కాలర్లు, బుట్టచేతులు, నడుము దగ్గర కుచ్చులు, వెనక్కి తిప్పి ముడివేసే పట్టీలు. జనం పాత ఫోటోలు పట్టుకొచ్చి, మా అమ్మ చిన్నప్పటి గౌను ఇది, మా పిల్లకి అచ్చం ఇలాంటిదే కావాలని అడుగుతారు. అమ్మ ఆ ఫోటోను భూతద్దంలో చూసి, ఎక్కడ మడత ఉందో ఎక్కడ అతుకు ఉందో కనిపెట్టి కాగితం మీద గీస్తుంది.

అమ్మకి కుట్టు నేర్పింది పెద్దమ్మే. ఇప్పుడు ఆవిడ కళ్ళలో పొరలు వచ్చాయి. ఆపరేషన్‌కి ఇంకా మూడు నెలలు ఆగాలన్నాడు డాక్టరు. అందుకని ఆవిడ మిషన్ తొక్కడం తగ్గించి కాజాలు, గుండీలు, ఇస్త్రీ చూసుకుంటోంది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది చిటపట. ఏ దారం ఏ రంగో చెప్పేదీ చిటపటే. ఎవరైనా వచ్చి చూపు ఎలా ఉందని అడిగితే, "నా కళ్ళు ఇంట్లో లేవమ్మా, బడికెళ్ళాయి" అని పెద్దమ్మ నవ్వేది.

ఆ రోజు ఇస్త్రీ బల్ల మీద తెల్ల కాగితంలో చుట్టిన గౌను ఒకటి ఉంది. చిటపట రెండు రోజులుగా దానిమీదే కన్నేసి ఉంచింది.

అది లైబ్రరీ మేడం గౌను. ఆవిడ చిటపట వాళ్ళ బడిలోనే లైబ్రరీ చూస్తారు. గురువారం సాయంత్రం ఆ పొట్లాం పట్టుకుని వచ్చారు. తనకి ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ కుట్టిన గౌను అట. ఆ ఏడాదే వాళ్ళమ్మ పోయిందట. ఆవిడ చేతితో చేసిన వస్తువు ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. ఇప్పుడు మనవరాలికి ఏడేళ్ళు రాబోతున్నాయి, సరిగ్గా ఇలాంటిది కుట్టించి రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీయించుకోవాలని ఉందని చెప్పారు.

"ఒక్క కుట్టు కూడా విప్పకండి. పైనుంచి కొలతలు తీసుకోండి, చాలు" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

కొలతలు సరిగ్గా రావాలంటే ముడతలు పోవాలి. తక్కువ వేడి మీద పైపైన ఇస్త్రీ చేసి పెట్టమని అమ్మ పెద్దమ్మకు అప్పజెప్పి బజారుకు వెళ్ళింది.

చిటపట కాగితం విప్పింది. పల్చటి నూలు గౌను. వెన్న రంగు. ఛాతీ మీద సన్నటి మడతలు పెట్టి, వాటి మీద దారంతో తేనెపట్టులా అల్లారు. గౌను అంచున వేలెడు వెడల్పు లేసు. అలాంటిది ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదని అమ్మ అనడం చిటపట విన్నది.

ఒక్కసారి వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏం పోతుంది అనుకుంది. వెంటనే తీసి మళ్ళీ ఎలా ఉందో అలాగే మడత పెట్టేస్తే సరిపోతుంది.

తల దూరింది. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి దూర్చడానికి భుజం పైకెత్తింది. ఎండుటాకు నలిగినంత చిన్న చప్పుడు వినిపించింది. అంతే.

కంగారుగా తీయబోతే ఇంకో చప్పుడు వచ్చింది. ఈసారి కొంచెం పొడుగ్గా.

గౌను చేతిలోకి వచ్చాక చూస్తే, చంక కింద నుంచి ఛాతీ మీది తేనెపట్టు దాకా చిరిగిపోయింది. జానెడు చిరుగు. అల్లిక దారాలు తెగి గాలికి కదులుతున్నాయి. యాభై ఏళ్ళ గుడ్డ, గట్టిగా ఊదినా చిరిగేలా ఉంది. ఆ సంగతి చిటపటకి అప్పుడు తెలిసింది.

వరండాలో ఖాళీ బకెట్ పెట్టిన చప్పుడైంది. చిటపట చిరుగు లోపలికి వెళ్ళేలా గౌను మడిచి, కాగితంలో పెట్టి, లెక్కల పుస్తకం తెరుచుకుని గోడ పక్కన కూర్చుంది.

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడిగుడ్డ మీద చూసుకుంది. గౌను తీసి బల్ల మీద పరిచింది. వేళ్ళతో తడుముకుంటూ నెమ్మదిగా కింద కుచ్చులన్నీ ఇస్త్రీ చేసింది. తర్వాత పై భాగానికి వచ్చింది. ఇస్త్రీపెట్టె ముక్కు చంక దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

చాలాసేపు ఆవిడ ఆ చోటునే తడుముతూ ఉండిపోయింది. తర్వాత ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గౌను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"చిటపటా, ఇలా రా. ఇది చిరిగిందా?"

"చిరిగింది పెద్దమ్మా."

"నేను ఇస్త్రీ పెట్టకముందు బాగానే ఉందా? నువ్వు చూశావా?"

చిటపటకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో, ఎల్లుండి బడిలో లైబ్రరీ మేడం తనని ఎలా చూస్తారోనన్న ఆలోచన వచ్చింది.

"బాగానే ఉంది పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె తీగ గోడ నుంచి పీకి, స్టూలు మీద కూర్చుంది.

అమ్మ వచ్చి చూసింది. చిరుగును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు వైపులా తిప్పి చూసింది. ఇస్త్రీపెట్టె ముక్కు తగిలితే ఇంత పొడుగు చిరుగుతుందా అని ఒకసారి తనలో తను అనుకుంది కూడా. కానీ పెద్దమ్మే చెప్పింది, ముందు బాగానే ఉందట, పిల్ల చూసిందట అని. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. అమ్మ తన అక్కని తిట్టలేదు. ఈ పని నీకు అప్పజెప్పడం నాదే తప్పు అంది. తిట్టినా పెద్దమ్మకి అంత బాధ కలిగేది కాదు.

సోమవారం సాయంత్రం లైబ్రరీ మేడం వచ్చారు. అమ్మ గౌను ఆవిడ చేతిలో పెట్టి, జరిగింది చెప్పి, తల దించుకుంది. మేడం కేకలు వేయలేదు. తెగిన దారాల్ని వేలితో సర్దారు. అవి సర్దుకోలేదు. అప్పుడు పెద్దమ్మ స్టూలు మీద నుంచి లేచి, తప్పు తనదేనని చేతులు జోడించింది.

మేడం ఆవిడ కళ్ళలోకి చూశారు. ఆ కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"చూపు లేనివాళ్ళ చేతికి ఇచ్చారా దీన్ని" అన్నారు అమ్మతో.

కొత్త గౌను వద్దన్నారు. పాతదాన్ని కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు. చిటపట లోపలి గది తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ గౌను ఊసెత్తలేదు. కానీ సాయంత్రాలు చిటపట బడి నుంచి వచ్చేసరికి పెద్దమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేది. ఎదురుగా గిరాకీల బట్టలు కాదు, పాత గుడ్డపేలికలు. ఒక పేలిక పరిచి, ఇస్త్రీ చేసి, వేళ్ళతో తడిమి, చిటపటని పిలిచేది.

"ఇది చిరిగిందా?"

"లేదు పెద్దమ్మా."

"సరిగ్గా చూసి చెప్పు."

"లేదు."

మళ్ళీ ఇంకో పేలిక. పల్చటివి, నాసివి, చివికినవి ఏరి ఏరి తీసేది. ఒక్కటీ చిరగలేదు. చిరగకపోయేకొద్దీ ఆవిడ ముఖం వాడిపోయేది. ఇంత జాగ్రత్తగా ఉన్న చెయ్యి ఆ రోజే ఎలా తప్పిందని ఆవిడకి మింగుడు పడలేదు.

చిటపట మాటలు తగ్గిపోయాయి. జ్వరమేమోనని అమ్మ రెండుసార్లు నుదురు పట్టి చూసింది. బడిలో లైబ్రరీ పీరియడ్ వస్తే ఆ పిల్ల అందరికన్నా వెనక బెంచీలో, పెద్ద అట్లాసు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒక రోజు మేడం దగ్గరికి వచ్చి, మీ పెద్దమ్మ ఎలా ఉన్నారని మామూలుగానే అడిగారు. బాగానే ఉందని చెప్పింది. చెప్పాక చూస్తే, అది కూడా అబద్ధమే.

పన్నెండో రోజున పెద్దమ్మ తన కత్తెర, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుష్టానా, సుద్దముక్కలు ఉన్న రేకుపెట్టె తెచ్చి అమ్మ మిషన్ మీద పెట్టింది. అవి ఇక నువ్వే వాడుకో అంది. తన మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్యమంది. డాక్టరుకి ఫోన్ చేసి ఆపరేషన్ వద్దని చెప్పమంది.

ఆపరేషన్ ఎందుకు వద్దని అమ్మ అడిగింది.

"కన్ను మసకబారితే ఆపరేషన్ ఉంది. చెయ్యి మసకబారితే ఏం ఉంది? ఇంక నాకు చూపొచ్చి మాత్రం ఏం కుట్టాలి" అంది పెద్దమ్మ.

చిటపట అప్పుడు ఒక గౌనుకి గుండీలు లెక్కపెట్టి ఇస్తోంది. గుప్పిట్లో ఉన్న గుండీలు నేల మీద పడిపోయాయి.

"పెద్దమ్మా, అది నేను" అంది.

ఇద్దరూ ఆ పిల్ల వైపు తిరిగారు. చిటపట నేలచూపులు చూస్తూ మొత్తం చెప్పింది. గౌను వేసుకున్నది, చంక దగ్గర చిరిగింది, తీస్తుంటే ఇంకా చిరిగింది, మడిచి పెట్టింది, బాగానే ఉందని చెప్పింది. ఎప్పుడూ పరిగెత్తే మాటలు ఆ రోజు ఒక్కొక్కటిగా, మధ్యలో ఆగుతూ వచ్చాయి.

అమ్మ చెయ్యెత్తింది. పెద్దమ్మ ఆ చేతిని పట్టుకుంది.

"కొట్టకు. కొడితే అక్కడికి తీరిపోయిందనుకుంటుంది."

తర్వాత పెద్దమ్మ చిటపటతో అంది.

"గౌను చింపావు. సరే, పిల్లవి. ఆశపడ్డావు. కానీ నేను నిన్ను అడిగాను కదే."

"అడిగావు."

"పేలికలు ఇస్త్రీ చేస్తూ రోజూ అడిగాను."

తప్పయిపోయింది అని చిటపట గొంతులో గొణిగింది. పెద్దమ్మ సరేనని గానీ, పోనీలే అని గానీ అనలేదు. లేచి, గోడ పట్టుకుని, వరండాలోకి వెళ్ళింది.

ఏడిస్తే ఎవరైనా దగ్గరికి తీసుకుంటారేమోనని చిటపట ఏడ్చింది. ఎవరూ తీసుకోలేదు. అమ్మ నేల మీది గుండీలు ఏరుతూ, మేడంకి ఎవరు చెప్తారని మాత్రం అడిగింది. తనే చెప్తానని చిటపట అంది. అమ్మ తోడు వస్తాననలేదు.

మర్నాడు చివరి గంట కొట్టాక చిటపట లైబ్రరీకి వెళ్ళింది. మేడం కొత్త పుస్తకాలకి నంబరు చీటీలు అంటిస్తున్నారు. ఇద్దరు పెద్ద క్లాసు పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకుంది చిటపట. ఆగితే మళ్ళీ నోరు పెగలదేమోనని భయమేసింది. వాళ్ళు వింటుండగానే చెప్పింది.

మేడం చేతిలోని చీటీ జిగురు ఆరిపోయింది. ఆవిడ దాన్ని నలిపి బుట్టలో వేశారు.

"మీ పెద్దమ్మకి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"అంటే ఇన్ని రోజులూ ఆవిడ తన చెయ్యే అనుకున్నారా?"

చిటపట తలూపింది. మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడకి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలియలేదు. నేను ఆవిడని ఎంత మాటన్నాను అని మెల్లగా అన్నారు. తర్వాత బీరువాలకి తాళాలు వేసి, చెప్పులు వేసుకుని, పద మీ ఇంటికి అన్నారు. దారి పొడుగునా చిటపట ఆవిడ వెనక నాలుగడుగుల దూరంలో నడిచింది.

మేడం పెద్దమ్మ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అన్న మాట వెనక్కి తీసుకోలేనని, కానీ అది అనకూడని మాటేనని చెప్పారు. అది మీ అమ్మగారి చేతిపని, మీకు ఆమాత్రం బాధ ఉండదా అంది పెద్దమ్మ.

రెండు రోజుల తర్వాత మేడం ఆ గౌను మళ్ళీ తెచ్చారు. ఎలాగూ చిరిగింది, ఇప్పుడు విప్పి చూసుకుని కొత్తది కుట్టమని అమ్మకి ఇచ్చారు.

మేడం చూస్తుండగా అమ్మ ఒక్కొక్క కుట్టూ విప్పింది. భూతద్దంతో చూసినా తేనెపట్టు అల్లిక అమ్మకి ఒక పట్టాన అర్థం కాలేదు. పెద్దమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో చదివింది. రెండు మడతలు కలిపి, ఒకటి వదిలి, కింద వరసలో వదిలినదాన్ని పట్టుకోవాలని చెప్పింది. తర్వాత పక్క అతుకు లోపల ఆవిడ వేళ్ళు ఆగాయి.

"మేడం గారూ, మీ అమ్మగారు లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలారు. రెండు పక్కలా. కింద అంచులో కూడా మడిచి పెట్టారు. మీరు పెరిగితే విప్పి వదులు చేద్దామనుకున్నట్టున్నారు."

మేడం ఆ మడతను ముట్టుకుని చూశారు. లోపలి గుడ్డ ఇంకా కొత్తదానిలా ఉంది. యాభై ఏళ్ళుగా దానికి వెలుతురు తగల్లేదు. దాన్ని విప్పడానికి ఇంట్లో ఎవరూ లేకపోయారు. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

కొత్త గౌను పని మొదలైంది. డాక్టరుకి అమ్మ ఫోన్ చేయలేదు. పెద్దమ్మ కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అల్లిక మొత్తం ఆవిడే వేసింది. సూదిలో దారం అయిపోయినప్పుడల్లా చిటపట చెయ్యి చాచేది. పెద్దమ్మ ఆ చెయ్యి పక్క నుంచి సూదిని అమ్మకి అందించేది. కోపంగా ఏమీ కాదు. మామూలుగానే. మిషన్ ఆపి, లేచి వచ్చి, దారం ఎక్కించి, మళ్ళీ వెళ్ళి కూర్చోవడం అమ్మకి పెద్ద పనే అయింది. అయినా ఎవరూ చిటపటని పిలవలేదు.

ఒకసారి ఆ పిల్ల ఉండబట్టలేక, పెద్దమ్మా నేను ఎక్కిస్తాను అంది.

"వద్దులే. చదువుకో" అంది పెద్దమ్మ.

ఇదివరకు ఎన్నోసార్లు విన్న మాటే అది. కానీ ఇంత దూరం నుంచి ఎప్పుడూ వినలేదు.

ఆదివారం పొద్దున మేడం మనవరాలు కొలత చూసుకోవడానికి వచ్చింది. ముందు పళ్ళు రెండూ లేవు. గౌను వేశారు. భుజాలు కుదిరాయి, కాలర్ మెడకి సరిగ్గా పట్టింది, చేతులు బుట్టల్లా నిలబడ్డాయి. ఆ పిల్ల గిర్రున తిరిగితే కుచ్చులు గొడుగులా విచ్చుకున్నాయి. మేడం ముఖంలో చాలా రోజులకి నవ్వు కనిపించింది.

కింద అంచు ఎంత మడవాలో గుర్తు పెట్టాలి. అమ్మ వంగి కొలుస్తుంటే, చిటపట మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క గుండుసూదీ అందిస్తోంది.

"అమ్మమ్మా, ఫోటోలో రెండు గౌన్లుంటాయన్నావు. ఆ పాతది ఏదీ?" అని మనవరాలు అడిగింది.

పాతదైపోయింది, పాడైపోయిందని సర్దిచెప్పడానికి మేడం నోరు తెరిచారు. అమ్మ కూడా ఏదో అనబోయింది. పెద్దవాళ్ళు అలా చెప్పేస్తే చిటపటకి ఎంతో సులువయ్యేది.

"నేను చింపేశాను" అంది చిటపట.

మనవరాలు కిందికి చూసింది. "ఎందుకు?"

"వేసుకుని చూడాలనిపించింది. ఎవర్నీ అడగలేదు. నాకు పట్టలేదు, చిరిగిపోయింది. తర్వాత మా పెద్దమ్మ చింపిందని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నాను."

మనవరాలు రెండు చేతులతో గౌను అంచు పట్టుకుని, చిటపటకి అందకుండా తన వైపుకి లాక్కుంది.

"అయితే నువ్వు దీన్ని ముట్టుకోకు" అంది.

మేడం ఆ పిల్లని వారించబోయారు. చిటపట సరేనంది. గుండుసూదుల డబ్బా అమ్మ చేతికిచ్చి, లేచి, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. లోపలి గదిలోకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. అంచు చుట్టూ చివరి సూది గుచ్చేదాకా, అందరికీ కనిపించేలా అక్కడే నిలబడింది.